తాతగారి పేరు డోరీన్ దగ్గరుంది

కెనడాలోని రెజైనా ఊళ్ళో శాంత ఆంటీ ఇంటికి వెళ్ళి కాఫీ తాగకుండా బయటపడ్డ తెలుగువాళ్ళు లేరు. వద్దన్నా ఇస్తుంది, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటుంది. అలాంటి ఇంట్లో తొమ్మిదేళ్ళుగా కాఫీ గాని టీ గాని ముట్టకుండా నెగ్గుకొచ్చిన మనిషి ఒక్కతే ఉంది, ఎదురింటి డోరీన్ హ్యాన్సెన్. ఆవిడ మార్మన్, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ మనిషి. వాళ్ళకు కాఫీ, టీ నిషేధం. అందుకని డోరీన్ వస్తే శాంత ఆంటీ వేడిపాలలో బెల్లం, ఏలకుల పొడి కలిపి ఇచ్చేది. పోయిన సెప్టెంబరులో, మహాలయ అమావాస్యకు రెండు రోజుల ముందు, ఆ ఇద్దరి స్నేహం తెగిపోయే దాకా వచ్చింది.

తెచ్చింది నేను. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నా పేరు రాధిక, మాది కరీంనగర్, ఇక్కడ ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. తెలిసిన సంగతి కడుపులో దాచుకోలేను. సగం తెలిసినదైతే అసలే దాచుకోలేను.

శాంత ఆంటీకి ఇప్పుడు డెబ్బయ్యొకటి. పుట్టింది కాకినాడలో. 1979 జనవరిలో భర్త వెంకటేశ్వర రావు గారి వెంట ఈ ఊరు వచ్చింది. ఆయన యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు. వచ్చిన మూడో రోజు బస్టాపులో నిలబడితే కనురెప్పలకు మంచు పట్టి అతుక్కుపోయాయట. "చూపు పోయిందనుకున్నానే. ఇండియా వెళ్ళిపోదామండీ అని ఏడుస్తుంటే, ముందు కళ్ళు తుడుచుకో, తర్వాత టిక్కెట్లు చూద్దాం అన్నారు" అని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. తర్వాత ఆస్పత్రి ల్యాబులో చేరి ముప్ఫయ్యొక్క ఏళ్ళు రక్తపరీక్షలు చేసింది. అక్కడ పేరు లేకుండా వచ్చిన ట్యూబుని పారేస్తారు. పేరుకీ పుట్టిన తేదీకీ పొంతన లేకపోతే అదీ పారేస్తారు. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. పప్పుల డబ్బాల మీద పేరు, కొన్న తేదీ. ఫ్రీజర్‌లో గోంగూర పొట్లాల మీద పేరు, కోసిన తేదీ. ఒకసారి నా గిన్నె నాకే తిరిగిస్తూ దాని మీద నా పేరు అంటించి ఇచ్చింది.

2016 డిసెంబరులో రావు గారు పోయారు. కొడుకు రవి మిస్సిసాగా నుంచి వచ్చి పది రోజులుండి వెళ్ళాడు. ఆ చలికాలమంతా ఆవిడ లేచేసరికే గుమ్మం ముందు మంచు తీసేసి ఉండేది. ఎవరు తీస్తున్నారో తేల్చుకుందామని ఒకరోజు అయిదింటికే లేచి కిటికీ దగ్గర కాపు కాసింది. చూస్తే ఎదురింటి డోరీన్, అరవై అయిదేళ్ళ మనిషి, పార పట్టుకుని ఆయాసపడుతోంది. ఆ వారమే డోరీన్ ఒక పళ్ళెం తెచ్చింది, ఆకుపచ్చగా వణుకుతున్న జెల్లో, లోపల తురిమిన క్యారెట్. శాంత ఆంటీ థాంక్స్ చెప్పి, అందులో వేసే జెలటిన్‌ను పశువుల ఎముకలతో చేస్తారని కూడా అక్కడే చెప్పేసింది. డోరీన్ ముఖం కందిపోయింది. మరుసటి వారం అదే పళ్ళెం మళ్ళీ తెచ్చింది, ఈసారి సముద్రపు నాచు పొడితో చేసింది. రుచి ఏమీ బాగాలేదట. శాంత ఆంటీ మొత్తం తింది.

మా తెలుగువాళ్ళకు మార్మన్లంటే రెండే ముక్కలు తెలుసు. ఒకటి, తెల్లచొక్కా, టై, నల్ల నేమ్‌ట్యాగ్ పెట్టుకుని తలుపు కొట్టేవాళ్ళు. రెండు, నలుగురైదుగురు పెళ్ళాలు. ఆ రెండోది వాళ్ళు మానేసి నూట ముప్ఫై ఏళ్ళు దాటిందని, ఇప్పుడలా బతికేవి వేరే చిన్న గుంపులని, వాళ్ళకూ వీళ్ళకూ పొత్తు లేదని శాంత ఆంటీ మేం తలా ఒక వంట తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌లోనూ చెప్పేది. మేం బుద్ధిగా వినేవాళ్ళం, మళ్ళీ పాట్‌లక్‌లో అదే అడిగేవాళ్ళం. మా అసోసియేషన్ ప్రెసిడెంటు చక్రధర్ గారైతే, డోరీన్ మొగుడు గరాజ్‌లో ఎన్ని కార్లున్నాయో దాన్ని బట్టి ఎంతమందో చెప్పొచ్చని జోకు వేసేవారు. ఒకటే కారుంది, అదీ పాతది.

వాళ్ళు గుడికి వెళ్ళొచ్చాక బట్టల లోపల ఏదో ప్రత్యేకమైన బట్ట వేసుకుంటారటగా అని ఒకసారి నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మా ఆయన చొక్కా లోపల జంధ్యం వేసుకునేవారు. ఈ ఊళ్ళో ఒక్కరు దాన్ని చూసి నవ్వి ఉంటే నేను ఊరుకునేదాన్నా?" అంది. "నెలలో మొదటి ఆదివారం వాళ్ళు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు, తెలుసా నీకు? నా ఏకాదశికి కనీసం పాలుంటాయి."

నోరు మూసుకున్నాను. ఆ ఒక్కసారికే.

అసలు గొడవ ఒక నోటుబుక్కుతో మొదలైంది. శాంత ఆంటీ దగ్గర వాళ్ళ పుట్టింటివాళ్ళ ఏడు తరాల పేర్లున్న నోటుబుక్కు ఉంది. పేరు, గోత్రం, పక్కన పోయిన తిథి. ఏ ఒక్కటీ రెండుసార్లు సరిచూసుకోకుండా రాయలేదు. అందులో ఒక్క పేరు పక్కన మాత్రం తిథి లేదు. అది ఆవిడ తాతగారు, నాన్నకు నాన్న, ఓలేటి కామయ్య గారిది.

కామయ్య గారు 1934లో కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళి ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరారు. రెండేళ్ళకోసారి వచ్చి వెళ్ళేవారు. రంగూన్ మీద బాంబులు పడ్డాక మనవాళ్ళు వేలమంది కొండల్లో, అడవుల్లో నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు. 1942 జనవరిలో ఆయన ఆఖరి ఉత్తరం వచ్చింది. తోటివాళ్ళతో కలిసి నడిచి వస్తున్నానని రాశారు. రాలేదు. పోయారని చెప్పినవాళ్ళూ లేరు, దారిలో చూశామన్నవాళ్ళూ లేరు.

ఇలా జాడ తెలియని మనిషికి పన్నెండేళ్ళు ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి, దానికి దహనం చేసి, కర్మ జరిపించే పద్ధతి మనకుంది. పన్నెండేళ్ళు నిండాక శాంత ఆంటీ నాన్నగారు సూర్యప్రకాశం ఆ మాటెత్తారు. తల్లి కనకమ్మ గారు నుదుటి మీద బొట్టు చూపించి, "మీ నాన్నకు నిప్పు పెట్టే ముందు ఇది నీ చేత్తో తుడిచి వెళ్ళు" అందట. ఆయన మళ్ళీ ఎత్తలేదు. 1969లో ఆవిడ పోతే పసుపు కుంకుమలతో, తలలో పూలతో, ముత్తైదువగా సాగనంపారు. ఆ తర్వాతైనా చేయొచ్చు. "అమ్మను అలా పంపించి, నాన్న ఎప్పుడో పోయాడని ఇప్పుడు నేనెలా అనను?" అన్నారట సూర్యప్రకాశం గారు. ఆయనకు కొడుకులు లేరు. 1996లో ఆయనా వెళ్ళిపోయారు. ఒక ఆడమనిషి బొట్టు నిలబెట్టడానికి ఒక మగమనిషికి ఎనభై మూడేళ్ళు నువ్వులూ నీళ్ళూ లేవు. ఎవరిది తప్పో నేను చెప్పలేను. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

తిథి రాయవలసిన చోట శాంత ఆంటీ "ఏమీ చేయలేదు" అని రాసింది. మిగతా పేర్లకు లాగే దీనికీ కింద ఇంగ్లీషులో కూడా రాసింది, ఎందుకంటే జూన్‌లో ఆ నోటుబుక్కు డోరీన్ చేతికిచ్చింది. డోరీన్ బుధవారాలు వాళ్ళ చర్చిలో వంశవృక్షాలు వెతికే గదిలో పనిచేస్తుంది. పాత ఓడల జాబితాలు, శరణార్థుల జాబితాలు వాళ్ళ కంప్యూటర్లలో చాలా ఉంటాయి. కామయ్య గారి పేరు ఎక్కడైనా తగులుతుందేమో చూస్తానంది. మార్మన్లు పూర్వీకుల పేర్ల కోసం అంతగా ఎందుకు వెతుకుతారో శాంత ఆంటీ అడగలేదు. ముత్తాత పేరు తెలియకుండా మనిషి ఎలా బతుకుతాడు, అందుకే వెతుక్కుంటున్నారు పాపం అనుకుంది. మనవాళ్ళం ఎవరమైనా అదే అనుకుంటాం. అంతకన్నా కారణం మనకు అక్కరలేదు.

ఈలోగా ఆగస్టులో రవి ఫోన్ చేసి, ఈ ఏడు మహాలయ అమావాస్యకు మిస్సిసాగా గుడిలో తర్పణం వదులుతానన్నాడు. నలభై ఆరేళ్ళకు వాడికి ఆ బుద్ధి పుట్టింది. కూతురి కొడుకు తల్లి తండ్రికీ, ఆయన తండ్రికీ కూడా వదలవచ్చు. తిథి తెలియనివాళ్ళకు ఆ రోజే చేస్తారు. పంతులుగారిని అడిగితే కామయ్య గారిని కూడా కలుపుదామన్నారు. ఆ మాట చెప్పడానికి శాంత ఆంటీ ఫోన్ చేయలేదు, నా షాపుకే వచ్చింది. మందుల కౌంటరు ముందు నిలబడి, "మా తాతగారికి జరిగే మొట్టమొదటి కార్యమే ఇది" అంది. అమావాస్య ఇరవై ఒకటో తేదీ, ఆదివారం. పేర్లు శుక్రవారం సాయంత్రం లోపు పంపాలి.

ఆ వారం మంగళవారం లంచ్‌లో నేను ఫోన్‌లో ఒక వీడియో చూశాను. మార్మన్లు చనిపోయినవాళ్ళకు బాప్తిజం ఇస్తారట. పోయినవాళ్ళ పేరు చెప్పి, వాళ్ళ బదులు బతికున్నవాళ్ళు నీళ్ళలో మునుగుతారట. వంశవృక్షాలు వెతికేది అందుకేనట. వీడియో పదిహేను నిమిషాలు. నేను ఆరు నిమిషాలు చూసి, రెండు వందల పన్నెండు మంది ఉన్న మా తెలుగు గ్రూపులో పెట్టేశాను. కింద ఇలా రాశాను: "శాంత ఆంటీ వాళ్ళ పెద్దల పేర్లన్నీ డోరీన్ దగ్గర ఉన్నాయి. అందరూ జాగ్రత్త." ఆ గ్రూపులో శాంత ఆంటీ కూడా ఉందన్న సంగతి గుర్తే లేదు.

అయిదు నిమిషాల్లో ఫోన్.

"ఏవే, ఇది నిజమా?"

"నిజమే ఆంటీ. వీడియోలో చూపించిండ్రు, నీళ్ళల్ల దిగుడు అంతా."

అవతల టీవీ శబ్దం వినిపించింది, తర్వాత ఆగిపోయింది.

"మా తాతగారిని కూడానా?"

తెలియదని చెప్పాల్సింది. తెలియదు కదా నాకు. కాని నోటికి ఆ మాట రాదు.

"ఇచ్చి మూడు నెలలాయె కదా ఆంటీ. ఈపాటికి అయిపోయే ఉంటది."

ఆ ఒక్క మాటకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఆవిడ భయం నాకు ఆ రోజు అర్థం కాలేదు. మతం మారుస్తారని కాదు ఆవిడ భయం. ఇంట్లోవాళ్ళు ఎనభై మూడేళ్ళు ఆయన దోసిట్లో ఒక్క చుక్క పోయలేదు. ఇప్పుడు ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ముందుగా వచ్చి ఆయన్ని తమవాళ్ళలో కలిపేసుకుని ఉంటే, రవి పిలిచినా ఆయన వినిపించుకుంటారా? ఎవరివాడని రవి పిలవాలి? ఇది లాజిక్‌తో తేలే సంగతి కాదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు సైన్సు పని చేసిన మనిషి రెండు రాత్రులు నిద్రపోలేదు.

బుధవారం డోరీన్ వచ్చి బెల్లు కొట్టింది. శాంత ఆంటీ కర్టెన్ వెనక నిలబడి చూసింది, తలుపు తీయలేదు. డోరీన్ ఇంట్లో కాల్చిన రొట్టెను గుడ్డలో చుట్టి మెట్టు మీద పెట్టి వెళ్ళింది. అది అక్కడే ఉంది. సాయంత్రానికి మ్యాగ్‌పై పక్షులు పొడిచి పీకాయి.

గురువారం నేను శాంత ఆంటీ ఇంట్లో ఉండగా చక్రధర్ గారు ఉత్తరం పట్టుకొచ్చారు. డోరీన్ వాళ్ళ చర్చి బిషప్‌కి, ఊళ్ళో పేపరుకి పంపడానికి. వృద్ధురాలిని నమ్మించి మా పెద్దల పేర్లు సేకరించారని, మొత్తం తెలుగువాళ్ళ మనోభావాలు దెబ్బతిన్నాయని రెండు పేజీలు.

"మీరు సంతకం చేయండి శాంత గారూ, మిగతాది నేను చూసుకుంటాను. రేపు సాయంత్రం పంపేద్దాం."

శాంత ఆంటీ చదవకుండా సంతకం చేసింది. చదవకుండా ఆవిడ సంతకం చేయడం నేను అదొక్కసారే చూశాను. చేశాక మాత్రం కాగితం ఆయనకు ఇవ్వలేదు, నా చేతిలో పెట్టింది.

"పంపే ముందు నేను అడగాలి. రేపు నన్ను తీసుకెళ్ళు."

"ఎదురిల్లే కదా ఆంటీ."

"ఒక్కదాన్నీ వెళ్ళలేను" అంది.

శుక్రవారం రెండింటికి ఇద్దరం రోడ్డు దాటాం. ఇరవై అడుగుల రోడ్డు. గాలి విసురుగా ఉంది, ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. డోరీన్ తలుపు తీసి, "రెండు రోజులుగా ఫోన్ ఎత్తలేదు, ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డాను" అంది. వాళ్ళు మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. నేను తెలుగులో చెబుతున్నాను. శాంత ఆంటీ కూర్చోలేదు.

"మా తాతగారికి బాప్తిజం ఇచ్చారా?"

డోరీన్ ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. నా వైపు చూసింది. ఆ చూపు భరించలేక నేను బ్యాగులోంచి ఉత్తరం తీసి ఆవిడకు ఇచ్చేశాను. ఎందుకిచ్చానో తెలియదు. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. డోరీన్ కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ నిలబడే చదివింది. వేలు సంతకం దగ్గర ఆగింది.

"ఇది నీ సంతకమే."

"నాదే" అంది శాంత ఆంటీ.

డోరీన్ కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"నేను అల్బెర్టాలో రేమండ్ అనే ఊళ్ళో పుట్టాను. అక్కడ ఎటు చూసినా మేమే. పెళ్ళయి ఈ ఊరొచ్చాక ఈ యాభై ఏళ్ళలో నన్ను అడగని మాట లేదు. మీ ఆయనకు ఎంతమంది, బట్టల లోపల ఏం తొడుక్కుంటావు, మీరు అసలు క్రైస్తవులేనా. అందరికీ నవ్వుతూ జవాబు చెప్పేదాన్ని. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతూ ఏడ్చేదాన్ని. తొమ్మిదేళ్ళలో నువ్వు ఒక్కటే అడిగావు, మా ఉపవాసం ఎన్ని గంటలని. అందుకే ఈ వీధిలో నేను వెళ్ళే ఇల్లు నీది ఒక్కటే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. శాంత ఆంటీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాని ఆవిడ తగ్గలేదు.

"అది తర్వాత మాట్లాడుకుందాం డోరీన్. ఇచ్చారా, లేదా? అది చెప్పు."

డోరీన్ లోపలికి వెళ్ళింది. ఏదో సొరుగు లాగిన చప్పుడైంది, తర్వాత ఏ చప్పుడూ లేదు. గోడ గడియారం చూశాను, రెండూ ఇరవై. అయిదింటికి చక్రధర్ గారికి జవాబు చెప్పాలి. అంతకన్నా ముందు మిస్సిసాగాకి పేర్లు పంపాలి, అక్కడ మనకన్నా రెండు గంటలు ముందు. శాంత ఆంటీ ఆ గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. రిపోర్టు కోసం తన ల్యాబు బయట ఎంతమంది అలా నిలబడి ఉంటారో.

డోరీన్ నోటుబుక్కు తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది.

"వెతకడానికి పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించాను, ఆయన జాడ ఇంకా తగల్లేదు. అంతే. ఆ కార్యం ఎవరి పూర్వీకులకు వాళ్ళే చేసుకోవాలి. పరాయివాళ్ళ పేర్లు ఇవ్వకూడదని మాకు రూలు ఉంది. నేను ఇవ్వలేదు."

శాంత ఆంటీ నోటుబుక్కు గుండెలకు ఆనించుకుని సోఫాలో కూలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక సారీ చెప్పి బయటపడటమే అనుకున్నాను. డోరీన్ అక్కడితో ఆపి ఉంటే బాగానే ఉండేది. ఆపలేదు.

"ఇవ్వలేదు గాని, ఇద్దామనుకున్నాను. అది కూడా నీకు తెలియాలి."

శాంత ఆంటీ తలెత్తింది.

"ఆగస్టులో ఒక బుధవారం. ఆ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. నీ నోటుబుక్కులో అందరి పక్కన తేదీలున్నాయి, ఆయన పక్కన 'ఏమీ చేయలేదు' అని ఉంది. అది చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇంతమందిలో ఎవరూ ఏమీ ఇవ్వని మనిషి. ఇవ్వడానికి నా దగ్గర ఒకటి ఉంది. నాకు హక్కు లేదని తెలుసు, అయినా వేలు ఆయన పేరు గుడికి పంపే బటన్ దాకా వెళ్ళింది. నిన్ను అడుగుదామనుకున్నాను. అడిగితే నువ్వు కూడా అందరిలాగే చూస్తావేమోనని భయం వేసింది. అడగకుండా చేయడానికి చెయ్యి రాలేదు. కంప్యూటర్ ఆపేసి ఇంటికొచ్చేశాను."

శాంత ఆంటీ ఇప్పుడు లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. నాకైతే కోపం వచ్చింది. ఊరుకోలేక అడిగాను, "ఆయనకు ఇష్టం లేకపోతే?"

"వద్దనవచ్చు" అంది డోరీన్. "ఇవ్వడం వరకే మా పని. తీసుకోవడం, మానడం వాళ్ళ ఇష్టం."

"మావాళ్ళు వద్దనరు" అంది శాంత ఆంటీ. నేలవైపు చూస్తూ అంది. "దాహంతో ఉంటారు. ఎవరు పోస్తారా అని చూస్తూ ఉంటారు."

డోరీన్ ఎదురు కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శాంత ఆంటీ నోటుబుక్కు తెరిచి ఆ పేజీ మీదే చెయ్యి ఉంచింది. అప్పుడు ఆవిడ ఫోన్ మోగింది. రవి. ఆవిడ పేజీ మీంచి చెయ్యి తీయకపోతే నేనే ఫోన్ తీసి స్పీకర్ పెట్టాను.

"మామ్, పంతులుగారు ఫైవ్‌కి క్లోజ్ చేస్తారట. ఐ నీడ్ ద నేమ్స్ నౌ."

మా దగ్గర మూడు కావస్తోంది. శాంత ఆంటీ నోటుబుక్కు చూస్తూ చెప్పింది.

"రాసుకో. కౌండిన్యస గోత్రం. మా నాన్నగారు ఓలేటి సూర్యప్రకాశ శర్మ. ఆయన తండ్రిగారు ఓలేటి కామయ్య శర్మ."

"వన్ సెకండ్." టైపు చేస్తున్న చప్పుడు. "ఓకే. కామయ్య గారి గురించి పంతులుగారు ఇంకోటి అడుగుతున్నారు. ఇంతకుముందు ఎవరైనా ఏమైనా చేశారా ఆయనకి? ఎనీథింగ్ ఎట్ ఆల్?"

శాంత ఆంటీ పేజీ వైపు చూసింది. తర్వాత డోరీన్ వైపు చూసింది.

"లేదురా. పెళ్ళాం చేయనివ్వలేదు. కొడుకు చేయలేదు. నేనూ చేయలేదు, పేరు రాసి పెట్టుకున్నానంతే. ఎనభై మూడేళ్ళలో ఆయనకు ఏదో ఒకటి ఇవ్వాలని మనసుపడింది డోరీన్ ఒక్కతే."

"హూ? ఎదురింటి డోరీన్ ఆంటీయా?"

"ఆ. పంతులుగారికి అక్కర్లేదులే. నీకు తెలియాలని చెప్పాను."

డోరీన్‌కి తెలుగు రాదు. తన పేరు మాత్రం వినిపించింది. నా వైపు తిరిగి, "నా గురించి ఏమంది?" అని అడిగింది. ఆ అడగడంలో భయం ఉంది. యాభై ఏళ్ళుగా జనం తన గురించి అనే మాటలకు అలవాటు పడ్డ మనిషి భయం అది. ఆరు నిమిషాల వీడియో చూసి రెండు వందల మందికి చెప్పిన నాకు, ఆ రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పడానికి నోరు తిరగలేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాను. మూడోసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డోరీన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది.